కల్వర్టు దగ్గర ఎక్కే దెయ్యం

కాళ్ళు కడుక్కొచ్చారా? అయితే దుప్పటి లాక్కోండి. ఒరే శ్రీకరా, చెల్లెలి దిండు దానికిచ్చెయ్. ఆఁ, ఇప్పుడు ఊ కొట్టండి.

అనగనగా ఒంగోలు రోడ్డు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో రాజు లేడు, కోట లేదు, ఏనుగు అసలే లేదు. ఒక పాత కారు మాత్రం ఉండేది. గుండ్రటి వీపు, ముందు రెండు పెద్ద కళ్ళు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. దాని యజమాని పేరు శరభయ్య. ఆయన దాన్ని కారు అనేవాడు కాదు, "మా దొరగారు" అనేవాడు. వాన పడితే ముందు దొరగారి మీద పట్టా కప్పి, ఆ తర్వాతే దండెం మీద బట్టలు తీసేవాడు. ఆయన భార్య రత్తమ్మకి ఒళ్ళు మండేది. నా మెళ్ళో కాకుండా ఆ కారు మెళ్ళోనే తాళి కట్టి ఉండాల్సింది అని సాధించేది.

వాళ్ళ కోడలు వకుళ. మొగుడికి దూరాన సిమెంటు ఫ్యాక్టరీలో పని, ఎప్పుడో సెలవు దొరికితే వస్తాడు. వకుళ తండ్రి బడి వ్యాను తోలేవాడు. ఆయన పక్కన కూర్చుని కూర్చుని ఈ పిల్లకీ స్టీరింగు చేతికొచ్చింది. కానీ అత్తారింట్లో దొరగారి తాళం కోడలికెవరిస్తారు? వకుళ అడగలేదు, వాళ్ళివ్వలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజకి శరభయ్య దొరగారికి తలంటు పోసినంత పని చేశాడు. కడిగాడు, తుడిచాడు, చక్రాలు ఊడదీసి ఇనప భాగానికి వెండి రంగు వేశాడు. వెండి కంచాల్లా మెరిసే ఆ చక్రాలకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఊరంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

ఆ పండగ వెళ్ళాకే మొదలైంది.

ఊళ్ళోంచి హైవే ఎక్కి కొంచెం పోతే ఒక కల్వర్టు ఉంది. ఎప్పుడో అక్కడ లారీ బోల్తాపడి పాపం క్లీనరు చచ్చిపోయాడట. శరభయ్యా రత్తమ్మా సంతకి పోతూ ఆ కల్వర్టు దాటారో లేదో, స్టీరింగు వణికింది. స్టీరింగు వణికితే శరభయ్య చేతులు వణికాయి. చేతులు వణికితే ముందు పెట్టుకున్న బొమ్మ వినాయకుడు వణికాడు. వినాయకుడే వణికితే ఇక నేనెంతని రత్తమ్మ వణికింది. సంత దగ్గరికొచ్చి కారు నెమ్మదించిందా, అంతా సద్దుమణిగింది! మర్నాడు వెళ్ళారు, మళ్ళీ అదే కల్వర్టు, మళ్ళీ అదే చలిజ్వరం.

ఇంకేముంది! చచ్చిపోయిన క్లీనరే కల్వర్టు దగ్గర ఎక్కుతున్నాడు, సంత రాగానే దిగిపోతున్నాడు అని రత్తమ్మ తేల్చేసింది. ఊరు కూడా తల ఊపింది. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా? భయమేస్తే దగ్గరికి జరగండి, ఫరవాలేదు.

ఇంతే అయితే నవ్వి ఊరుకుందుం. కానీ అప్పుడే వాళ్ళమ్మాయి సుగుణ తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. బిడ్డ అడ్డంగా ఉందనీ, నొప్పులు మొదలైతే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా ఒంగోలు తీసుకురమ్మనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఒంగోలు వెళ్ళాలంటే హైవే ఎక్కాలి. హైవే ఎక్కితే కల్వర్టు దాటాలి. కల్వర్టు దాటితే?

శరభయ్య భూతవైద్యుడు చెన్నప్పని పిలిపించాడు. చెన్నప్ప కారు చుట్టూ తిరిగాడు, స్టీరింగుకి నల్లతాడు కట్టాడు. పిల్లని తీసుకెళ్ళేరోజు కల్వర్టు దగ్గర నెమ్మదించొద్దన్నాడు, బ్రేకు మీద కాలే పెట్టొద్దన్నాడు, స్పీడు ముల్లు వంద దాటించెయ్యండి, దెయ్యం పట్టు జారి రోడ్డు మీద పడిపోతుందన్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వకుళ ఆ మాట వింది. అంతలా వణికే కారుని, నిండు చూలాలిని వెనక పడుకోబెట్టి, వందలో తోలతారా?

"మావయ్యా, తాళం ఒక్కసారి ఇస్తారా? ఆ దెయ్యం సంగతేంటో నేను చూసొస్తా" అంది.

"దెయ్యాన్ని చూడ్డానికి కారెందుకే, అద్దం చాలదూ?" అంది రత్తమ్మ.

"అద్దంలో చూస్తే వెనకాల మీరు కనిపిస్తున్నారత్తయ్యా!"

మంచం మీద సుగుణ పొట్ట పట్టుకుని నవ్వింది. శరభయ్యకీ నవ్వొచ్చింది, నవ్వులో తాళం చేతికిచ్చేశాడు. ఇచ్చాక గుర్తొచ్చి, నేనూ వస్తానని పక్కన ఎక్కి కూర్చున్నాడు.

ఇప్పుడు చూడండి వకుళ ఏం చేసిందో. దెయ్యాన్ని తిట్టలేదు, కొట్టలేదు. దాన్ని ప్రశ్నలడిగింది, బళ్ళో మీ టీచరు అడిగినట్టు.

మొదటి ప్రశ్న. నువ్వు కల్వర్టు దగ్గరే ఎక్కుతావా? వకుళ కల్వర్టుని ఎడ్లబండిలా నెమ్మదిగా దాటింది. వణుకు లేదు. బండి తిప్పి, కల్వర్టే లేని అటువైపు రోడ్డు మీద వేగం పెంచింది. యాభై, ఏమీ లేదు. అరవై, ఏమీ లేదు. ఎనభై... స్టీరింగు గడగడలాడింది! శరభయ్య నల్లతాడు పట్టుకుని ఆంజనేయదండకం ఎత్తుకున్నాడు. ఏమర్థమైంది? దెయ్యానికి చోటుతో పనిలేదు, వేగంతో పని. కల్వర్టు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది కనక మావయ్య అక్కడే వేగం పెంచుతున్నాడు, అంతే.

రెండో ప్రశ్న. నువ్వు ఇంజనులో ఉన్నావా? ఎనభైలో ఉండగా గేరు తప్పించి, ఇంజను రొద తగ్గించి, కారుని దాని మానాన దొర్లనిచ్చింది. ఇంజను నెమ్మదించినా వణుకు తగ్గలేదు. అయితే ఇంజను కాదు.

మూడో ప్రశ్న. బ్రేకులో ఉన్నావా? మెల్లగా బ్రేకు తొక్కింది. వణుకు ఎక్కువ కాలేదు, వేగంతోపాటు తగ్గిపోయింది. బ్రేకు కాదు.

ఆఖరి ప్రశ్న. ముందున్నావా, వెనకున్నావా? సీటు కుదురుగా ఉంది, స్టీరింగే ఊగుతోంది. వెనక చక్రాలైతే వణుకు సీట్లో తెలిసేది. అంటే ముందు చక్రాలు.

మీ అమ్మ వాషింగ్ మెషిన్లో దుప్పటి ఒక్కటే వేస్తే ఏమవుతుంది? మెల్లగా తిరిగినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. పిండడం మొదలెట్టి జోరుగా తిరిగిందా, తడిసిన దుప్పటి ఒక పక్కకి ముద్దయిపోయి మెషిన్ దడదడా గదంతా నడుస్తుంది, అవునా? వకుళకి అదే తట్టింది. చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువైంది, లేకపోతే ఇంకో పక్క తక్కువైంది.

ఇంటికొచ్చి ముందు చక్రాల ముందు గొంతుక్కూర్చుంది. వెండి రంగు తళతళ, బొట్లు చక్కగా ఉన్నాయి. ఏమీ తెలియలేదు. అప్పుడు డిక్కీ తెరిచి, ఎవరూ పట్టించుకోని, రంగు వెయ్యని స్టెపినీ చక్రాన్ని చూసింది. దాని అంచుకి చిటికెనవేలంత సీసం ముక్క ఒకటి అతికి ఉంది. బయట చక్రాలకి ఒక్కదానికీ లేదు.

"మావయ్యా, ఇలాంటివి వీటికి ఉండాలే?"

"ఆ నల్ల ముక్కలా? దసరాకి కటింగ్ ప్లేయరుతో పీకి పారేశానమ్మాయ్! వెండి లాంటి చక్రానికి ఆ మురికి గడ్డలేంటి, అసహ్యంగా!"

ఆ మురికి గడ్డలే చక్రాన్ని సమంగా తిప్పే బరువులు! ఎక్కడ తక్కువో అక్కడ తూచి పెడతారు. పూజ కోసం అవి పీకేశాడు, దెయ్యాన్ని తనే బొట్టుపెట్టి పిలిచాడు మహానుభావుడు.

అడ్డరోడ్డు దగ్గర టైర్ల కొట్టులో చక్రాల్ని మెషిన్ మీద తిప్పి చూసి కొత్త సీసం ముక్కలు కొట్టారు. దొరగారు ఎనభైలో నీళ్ళ మీద పడవలా పోయాడు. అదంతా తన నల్లతాడు మహిమేనని చెన్నప్ప ఊరంతా చెప్పుకున్నాడు, అది వేరే సంగతి.

కథ అయిపోయిందనుకున్నారా? పడుకోండి, లేవకండి. అసలు భయం ఇప్పుడే ఉంది.

టైర్ల కొట్టులో తగిలిన సుత్తి దెబ్బలకి వెండి రంగు పెచ్చులు లేచింది. శరభయ్యకి ప్రాణం ఒప్పలేదు. నా కూతురు ఎక్కి పోయే కారు, తిరిగొచ్చేటప్పుడు మనవడో మనవరాలో అందులో రావాలి, దానికి గాయాలా? ఒకరోజు వకుళ సుగుణకి నూనె రాసి స్నానం చేయిస్తున్న వేళ ఆయన చక్రాలన్నీ ఊడదీశాడు. సీసం ముక్కలు ముట్టుకోలేదు, ఆ బుద్ధి వచ్చింది. కానీ రంగు దట్టంగా పులిమాడు, ముందూ వెనకా, ఆఖరికి నట్లు ఆనుకునే చోట కూడా. అది ఆరకముందే మళ్ళీ బిగించేశాడు. ప్రేమతోనే చేశాడు పాపం. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఉదయాన్నే సుగుణకి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, ఎక్కడో దూరాన ఉంది, వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. శరభయ్య తాళం తీశాడు, కంగారులో కింద పడేశాడు. వకుళ వంగి తీసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. ఎవరూ కాదనలేదు. కొత్తరంగు వాసన ముక్కుకి తగిలింది గానీ, ఆ హడావుడిలో ఏమిటని అడిగే తీరికేది?

వెనక సీట్లో సుగుణ, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని రత్తమ్మ. ముందు నిమ్మకాయ పట్టుకుని శరభయ్య. కల్వర్టు వచ్చింది, అందరూ ఊపిరి బిగబట్టారు. కల్వర్టు వెళ్ళిపోయింది. ఎనభైలో కూడా స్టీరింగు కుదురుగా ఉంది. రత్తమ్మ "అమ్మయ్య!" అంది.

ఇంకాస్త దూరం పోయాక ఎదురుగా రోడ్డు వారన గొర్రెల మంద. వకుళ నెమ్మదించింది. అరవై. యాభై. నలభై.

స్టీరింగు వణికింది.

వణకడం కాదు, అటూ ఇటూ ఊగింది. కింద ఎక్కడో టక్కు, టక్కు, టక్కు.

"ఎక్కాడు! మళ్ళీ ఎక్కాడు!" శరభయ్య అరిచాడు. "ఆపకమ్మాయ్, తొక్కు! చెన్నప్ప చెప్పాడుగా, వందలో పోతేనే పడిపోతాడు!"

"వదినా, నావల్ల కాదు, తొందరగా పోనివ్వు..." సుగుణ మూలిగింది.

"ఆపావంటే నా కూతురు దక్కదే! నీ కాళ్ళు పట్టుకుంటా, పోనివ్వు!" రత్తమ్మ ఏడ్చింది.

వెనక ఇద్దరి ప్రాణాలు, ముందు దూరం, అందరూ పోనివ్వమనేవాళ్ళే. కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. కానీ ఆమెకి ఒక్కటే వినిపిస్తోంది. పాత దెయ్యం ఎనభైలో ఎక్కేది, అరవైలో దిగేది. ఇది నలభైలో ఉంది, ముప్పైలో కూడా దిగట్లేదు. అంటే ఇది అది కాదు. ఇది ఊడిపోయేది ఏదో.

మెల్లగా కారుని పక్కకి తీసి ఆపేసింది.

రత్తమ్మ తిట్టిన తిట్లు మీకు చెప్పనులెండి. వకుళ పరుగున దిగి ముందు చక్రం దగ్గర కూర్చుంది. నట్టు పట్టుకుంటే వేళ్ళతోనే తిరిగింది! ఇంకోటి తిరిగింది. ఇంకోటి చివరి మరల మీద వేలాడుతోంది. చుట్టూ వెండి రంగు నలిగి జిడ్డులా పొడిలా రాలుతోంది. పక్కనే నిలబడ్డ శరభయ్యకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన ముఖం తెల్లబోయింది.

"నేనేనమ్మాయ్... నిన్న నేనే..."

"తర్వాత, మావయ్యా! జాకీ, స్పానరు ఇవ్వండి!"

జాకీ ఎత్తి, నట్ల కింద మెత్తబడ్డ రంగుని స్పానరు కొనతో గీకేసి నట్లు బిగించింది. వరసగా కాదు, ఎదురెదురుగా. కుండ మూతికి వాసెన గుడ్డ ఒక పక్కే లాగి కడితే ఇంకో పక్క జారదూ? నట్లూ అంతే. మిగతా చక్రాల నట్లు శరభయ్య చేతులు కాయలు కాసేలా బిగించాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

మళ్ళీ బయల్దేరారు, కానీ ఎనభైలో కాదు. కాసేపు పోయాక వకుళ మళ్ళీ ఆపింది. ఈసారి రత్తమ్మ తిట్టలేదు, తనే తలుపు తీసి "ఎలా ఉన్నాయే?" అంది. కొన్ని నట్లు అర చుట్టు వదులయ్యాయి, మళ్ళీ బిగించింది. మిగిలిన రంగు మీద బిగిస్తే అది నలిగేకొద్దీ నట్టు వదులవుతుంది మరి. అలా బిగించుకుంటూ, నెమ్మదిగా, సుగుణ కేక పెట్టినప్పుడల్లా పళ్ళు బిగబట్టి, ఆస్పత్రి గేటులోకి తిప్పింది.

ఆ పూటే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఊ కొట్టరేం? ఆఁ, అలా!

డాక్టరమ్మ బయటికొచ్చి, కాస్త ఆలస్యమైనా గండం గడిచింది, పడుతూ లేస్తూ కాకుండా జాగ్రత్తగా తెచ్చారు అంది. రత్తమ్మ కోడలి చేతులు పట్టుకుంది. నల్లటి గ్రీసు, నట్లు గీరిన గాట్లు. తన పైటచెంగుతోనే తుడిచింది, మరక పడుతుందని కూడా చూడలేదు.

శరభయ్య ఇంటికెళ్ళగానే ఉప్పుకాగితం తీసుకుని చక్రాలన్నీ అరగదీశాడు, ఇనుము కనపడేదాకా. ఆ ఇనుము మీదే పసుపు రాసి బొట్టు పెట్టాడు. తర్వాత తాళం తన జేబులో వేసుకోబోయి ఆగాడు. వంటింటి గుమ్మం పక్కన ఒక మేకు కొట్టి తగిలించాడు, కోడలి చేతికందే ఎత్తులో.

అందుకే చెబుతున్నా పిల్లలూ. ఏదైనా వణికించిందనుకోండి, అది ఎవరు అని పరిగెత్తకండి. ఎప్పుడొస్తోంది, ఎప్పుడు పోతోంది అని అడగండి. ఈసారి వేరేలా వచ్చిందా, ఎవరేమన్నా సరే, ముందు ఆగండి.

కథేమో కంచి రోడ్డెక్కింది, నెమ్మదిగానే పోతోంది లెండి. మనం మాత్రం నిద్రలోకి.