బంగారు రేకు, నల్లరాతి దూలం

ఒకానొక రాజ్యాన్ని, దాని ఖర్మ కాలి, ప్రచండసింహుడనే రాజు ఏలేవాడు. ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే పొయ్యిమీది కందులు ఉడికి, మాడి, మళ్లీ మొలకెత్తేవి. బుర్రలో మాత్రం ఆవగింజంత సరుకు లేదు.

ఆ మహానుభావుడు కొత్త కోట కట్టించాడు. సింహద్వారం ఎంత వెడల్పంటే, నాలుగేనుగులు పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకోవచ్చు. మేస్త్రి పోలాచారి ఆ ద్వారం మీద, ఈ గోడ నుంచి ఆ గోడకు, నల్లరాతి దూలం అడ్డంగా వేశాడు. పైనున్న రాతిదిమ్మెల బరువంతా మోసేది అదే. ముందువైపు అందానికి అప్పడాల్లాంటి పాలరాతి పలకలు అతికించాడు.

గృహప్రవేశం రేపనగా రాజు చూడవచ్చాడు. బయట నిలబడి మీసం దువ్వాడు. లోపలికెళ్లి తలెత్తాడు.

“ఛీ! ఏమిట్రా ఈ బొగ్గు దుంగ?”

“దూలం ప్రభూ. గోడను మోసేది అదే.”

“మా కోటకు మోతకూలీ ఏమిటి? పీకి పారెయ్! పలకలు చాలు.”

“పలకలు మొయ్యలేవు ప్రభూ. గోడ కూలుతుంది.”

“మా అనుమతి లేకుండానా? రేపు మేం అడుగుపెట్టేలోగా అది తియ్యకపోతే నీ కుడిచెయ్యి తీయిస్తాం!”

పోలాచారి ముఖం సున్నమైంది. తీస్తే జనం తలకాయలు, తీయకపోతే తన చెయ్యి.

ఆస్థాన విదూషకుడు కొండుభట్టుకు రాజును చూస్తే నవ్వొచ్చింది, మేస్త్రిని చూస్తే కడుపు తరుక్కుపోయింది. చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

“ఆహా, ఏం సెలవిచ్చారు ప్రభూ! మెరిసేదాని వెనక మొరటుది దాక్కోవడమేమిటి, సిగ్గులేకుండా! తమరి సామగ్రిలో ఇంకెక్కడైనా ఇలాంటిది దాక్కుంటే అదీ పీకించమంటారా?”

“అన్నీ పీకించు! మా ఆజ్ఞ!”

మర్నాడు రాజు బంగారు పల్లకీలో కూర్చున్నాడు. బోయీలు ఓహోమని ఎత్తారో లేదో, భుజాల మీది బంగారు కర్ర తమలపాకులా ముడుచుకుపోయింది. ప్రచండసింహుడు దబ్బున పడ్డాడు. ఆ చప్పుడుకు పొరుగు రాజ్యంలో నెలలు నిండని గేదెలు కూడా ఈనేశాయి! కిరీటం దొర్లుకుంటూ పోయి పేడకుప్పలో పట్టాభిషేకం చేసుకుంది.

“ఎవడురా ద్రోహి?”

“తమరే ప్రభూ,” అన్నాడు కొండుభట్టు. “ఈ బంగారు రేకు లోపల మొరటు టేకుకర్ర దాక్కునుంది. తమరి ఆజ్ఞ ప్రకారం పీకించేశాను. పడింది జానెడు ఎత్తు నుంచే లెండి. ఆ ద్వారమైతే తాటిచెట్టంత ఎత్తు! పోలాచారి గడ్డపారతో సిద్ధంగా ఉన్నాడు. తమరు కింద నిలబడి, దూలం పీకమని సెలవివ్వండి. మేం ఇక్కణ్నుంచే జేజేలు కొడతాం.”

రాజు ద్వారం వంక చూశాడు, నడుం తడుముకున్నాడు. తాను నవ్వకపోతే ఊరంతా నవ్వుతుందని తెలిసేంత తెలివి ఆ దెబ్బతో వచ్చింది కాబోలు, పకపకా నవ్వేశాడు.

“దూలాన్ని ఉండనీ! భట్టూ, ఏం కావాలో కోరుకో.”

“మేస్త్రి కుడిచెయ్యి ఇప్పించండి ప్రభూ.”

పోలాచారికి పైప్రాణాలు పైనే పోయాయి.

“నరికించమంటావా?”

“అయ్యో, వద్దు! మనిషికే అతికి ఉండనివ్వండి. ఇకమీదట అది నా సొత్తు. నా సొత్తును ఎవరూ ముట్టుకోకూడదు, తమరితో సహా.”

రాజు సరేనని, ఆ బంగారు రేకు కూడా భట్టుకే ఇచ్చి, నల్లదూలం కింద నుంచి కుంటుకుంటూ నడిచే లోపలికి వెళ్లాడు. తర్వాత ఏ పల్లకీ తెచ్చినా ముందు కర్రను గోటితో గీకి, లోపల టేకు కనబడితేగాని ఎక్కేవాడు కాడట!