నూట ఎనిమిదో పద్యం

పెంచలయ్య శతకం నూట ఏడు పద్యాల దగ్గర ఆగిపోయింది. రెండు నెలలుగా ఒక్క అక్షరం ముందుకు కదల్లేదు. మనిషి మాత్రం చిక్కి సగమయ్యాడు.

చివరికి చేతి అద్దం చంకలో పెట్టుకొని గురువు శివరామయోగి దగ్గరికి వెళ్ళాడు.

"సామీ, నా పద్యాలన్నీ ఈ అద్దంలోనుంచే వచ్చినాయి. మృత్యుదేవి ఇందులో కనపడి ఒక్కో పాదమే చెప్పేది. ఆఖరి పద్యం మాత్రం ఇయ్యనంటాంది. కావాలంటే తన దగ్గరికే రమ్మంటాంది. పోయేదానికి సెలవియ్యండి."

ఇంకొకరైతే పకపకా నవ్వేవారు. యోగి నవ్వలేదు.

"ఇంట్లో ఓబులమ్మ బాగుందా?"

"జ్వరమంట సామీ. మూడు దినాలాయ."

"అంట ఏందిరా? నీ పెండ్లాం ఉండేది నీ ఇంట్లోనే కదా!"

ఆ మూడు రోజులూ పెంచలయ్య మిద్దె మీద అద్దం ముందే కూర్చున్నాడు. ఓబులమ్మ కిందనుంచి రెండుసార్లు పిలిచింది. పద్యం చెదిరిపోతుందని పలకలేదు.

యోగి అద్దం తీసుకొని లేచాడు. "పద, మీ ఇంటికి పోదాం."

వాకిట్లోనే పక్కింటి సుబ్బక్క ఏడుస్తూ ఎదురొచ్చింది. "ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు సామీ. కాళ్ళు చల్లబడినాయి."

వైద్యుణ్ణి పిలుచుకు రమ్మని యోగి ఆమెను పంపాడు. పెంచలయ్య గడప దగ్గరే కూలబడ్డాడు. నూట ఏడు పద్యాల్లో మృత్యువును తల్లీ, రాణీ అని నోరారా పిలిచినవాడు ఇప్పుడు గడప దాటి లోపలికి పోలేకపోయాడు.

యోగి అద్దాన్ని పైపంచెతో తుడిచి ఓబులమ్మ ముక్కు దగ్గర పెట్టాడు. అద్దం అలాగే తళతళలాడుతోంది. పెంచలయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి.

అంతలో అద్దం మీద చిన్న మసక పట్టింది. ఆరింది. మళ్ళీ పట్టింది.

"ఇట్ల రా," అన్నాడు యోగి. "వచ్చింది చూడు. చదువుకో."

పెంచలయ్య ఆ మసకను చూసి భోరుమన్నాడు. బతికే ఉంది! ఏడుస్తూనే, నవ్వుతూనే ఆమె పాదాలు గబగబా రుద్దసాగాడు. కాసేపటికి ఓబులమ్మ కళ్ళు తెరిచింది.

"మిద్దె దిగినావా?" అంది నీరసంగా.

పెంచలయ్య ఒక్క ఉదుటున లేచాడు. యోగి దారికి అడ్డంగా నిలబడి అద్దం చేతికివ్వబోయాడు.

"మరి నీ నూట ఎనిమిదో పద్యం?"

"పక్కకు జరగండి సామీ," అన్నాడు పెంచలయ్య. "గంజి కాచాల."