అంచున దొరికిన మీసం

పనికిరాదని తేల్చేసే పెద్దమనిషిని, "అయ్యా, అసలు చూశారా?" అని మీరెప్పుడైనా అడిగారా? కొండపేట సంస్థానంలో గవరమ్మ అడగలేదు, అతని నోటితోనే చెప్పించింది.

గవరమ్మ ఫొటోలు తీస్తుంది. దీపాల వెలుగులోనే సభనంతా ఒక్క ఫొటోలో పట్టేసే కొత్త లెన్సు తెచ్చింది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగడం దానివల్ల కాదు, మనమే నడవాలి. అది పరీక్షలో నెగ్గితేనే ఆమెకు ఆస్థానంలో కొలువు.

పరీక్షాధికారి భుజంగరావు లెన్సును ముట్టుకోనైనా లేదు. "ప్రభూ, ఇంత వెడల్పు చూసే లెన్సుకి అంచులన్నీ అలుక్కుపోతాయి. పనికిరాదు."

"నిన్న సాయంత్రం తమరు పద్యాలు చదువుతుంటే తీశాను దొరా," అంటూ గవరమ్మ పెద్ద ఫొటో పరిచింది.

రాజుగారి చూపు ఎడమ అంచున ఆగింది. "నా పద్యాలకి నోరు తెరిచి నిద్రపోతున్న ఈ మహానుభావుడెవరు?"

"అంచు కదా దొరా, అలుక్కుపోయింది. భుజంగరావుగారేమో!" అంది గవరమ్మ.

"నేనా? కళ్ళు పెట్టి చూడు! మీసం కొసన తెల్ల వెంట్రుక ఒక్కటి ఎంత స్పష్టంగా ఉందో! వాడు వంటల వీరాస్వామి!"

"అంచున ఒక్క వెంట్రుక కూడా అయ్యగారికి కనిపించింది దొరా. నా పరీక్ష అయిపోయింది."

రాజుగారు పకపకా నవ్వారు. "కొలువు నీదే. అయినా వీరాస్వామి నిన్న ఊళ్ళోనే లేడే!"

సభంతా భుజంగరావు వైపు తిరిగింది. అతని చెయ్యి గబుక్కున మీసం కొసని కప్పేసింది.

అందుకే, ఇకమీదట ఎవరైనా "పనికిరాదు" అంటే తలూపకండి. ముందు ఫొటో వాళ్ళ ముందు పరవండి.