తేనె సంతలో వరస

చింతలకోన అడవిలో కుందేళ్లు, లేళ్లు, ముళ్లపందులు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు ఉండేవి. వెన్నెల పండుగకు ముందురోజు వాగు ఒడ్డున సంత జరిగేది. ఆ సంతలో ముసలి కొండముచ్చు తేనె అమ్మేది.

తేనె వరసకు ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు "చివర ఎవరమ్మా?" అని అడిగి, తమ వంతుకు గుర్తుగా ఒక రాయి పెట్టి నీడలో కూర్చునేవారు. చంకలో పిల్లలున్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఎండలో ఎంతసేపని నిలబడతారు?

ఆ ఏడు తేనె తక్కువ. తల్లి కుందేలు పొద్దున్నే వచ్చి మొదటి రాయి పెట్టింది. ఆమె పిల్లకు దగ్గు. నాలుక మీద కాస్త తేనె రాస్తే తప్ప నిద్రపోవడం లేదు. ఆమె వెనక నిండు చూలాలు లేడి, ఆ వెనక ముళ్లపంది.

మధ్యాహ్నం, తేనె అమ్మకం మొదలయ్యే వేళకు ఎలుగుబంటి వచ్చాడు. ఏటా అతని భార్య వచ్చేది. ఈసారి ఆమె కాలు బెణికింది. అతను సంతకు రావడం అదే మొదటిసారి. అయినా సంత గురించి అతనికి తెలియనిది లేదు.

"వరస ఎక్కడుంది? ఇక్కడున్నవి రాళ్లే," అని వాటిని వాగులోకి తన్ని, కొండముచ్చు ముందు తన కుండ చాచాడు.

కుందేలు పరుగెత్తుకొచ్చింది. మొదటి వంతు తనదని, పిల్లకు బాగాలేదని చెప్పింది.

"పండగపూట ఏడుపు మొహం పెట్టకు చెల్లెమ్మా. మగవాళ్లం, మాకు పనులుంటాయి," అన్నాడు ఎలుగుబంటి. ఏం పనులో చెప్పలేదు.

ఇంతలో అడవిదున్న వచ్చాడు. రాళ్లు కనబడలేదు. నేరుగా వచ్చి ఎలుగుబంటిని భుజంతో ఒక్క తోపు తోశాడు. ఎలుగుబంటి బండ మీద పడ్డాడు. కుండ ముక్కలైంది.

"వరస చూసుకోవా అన్నా?" అని మూలిగాడు.

"ఎక్కడుంది తమ్ముడూ?" అన్నాడు అడవిదున్న, నిజంగానే వెతుకుతూ.

కొండముచ్చు తేనె కుండతో చెట్టెక్కింది. తోపులాట ఉన్నచోట తేనె పోయనని పైనుంచే చెప్పింది.

రాళ్లు పోయినా వరస పోలేదు. వచ్చినప్పుడే అడిగి తెలుసుకున్నారు కాబట్టి, తన ముందు ఎవరో ప్రతి ఒక్కరికీ గుర్తుంది. కుందేలు నిలబడింది. ఆమె వెనక లేడి నిలబడింది. ముళ్లపంది ఎవరికీ గుచ్చుకోకుండా ముళ్లు ముడుచుకుని నిలబడింది. అడవిదున్న సిగ్గుపడి, చివర ఎవరని అడిగి వెనక్కి నడిచాడు.

కొండముచ్చు దిగివచ్చి కుందేలుకు తేనె పోసింది. ఆ సాయంత్రం పిల్ల దగ్గకుండా నిద్రపోయింది.

ఎలుగుబంటి కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ఆడవాళ్లకు పద్ధతి తెలియదని, అందుకే తేనె దొరకలేదని భార్యతో చెప్పాడు.

"నేను వెళ్లినప్పుడల్లా ఆలస్యంగానే తిరిగొచ్చాను," అంది ఆమె. "తేనెతో వచ్చాను."

నీతి: బలం చూపి వరస చెరిపేవాడు, తనకన్నా బలవంతుడికి దారి వేస్తాడు. మర్యాద బలహీనులకే కాదు, బలవంతులకూ కాపలా.