పల్లేరుకాయల పక్షం

చిట్టేరు వాగు ఒడ్డున ఒక పాత ఇటుకబట్టీ ఉండేది. పనివాళ్ళు వెళ్ళిపోయి మూడేళ్ళయినా మోతక్క అనే గాడిద మాత్రం అక్కడే ఉండిపోయింది. బరువు మోసిన చోటు మీద కూడా మమకారం పుడుతుంది మరి. తర్వాత సంత దారిలో తాడు తెంపుకొచ్చిన గడ్డపయ్య అనే మేకపోతు చేరాడు. నిప్పుకూత అనే పుంజు తన ఆరు పెట్టలతో బట్టీ గూట్లోకి కాపురం మార్చాడు. అందరికంటే చివర తోకరాయుడు వచ్చాడు. నక్క. కోళ్ళున్న చోట నక్కకేం పని అంటారా? "మాంసం మానేశాను, రేగుపళ్ళతో ప్రాణం నిలుపుకుంటున్నాను" అని ఒట్టేశాడు. ఒట్టు వేసింది నక్క, నమ్మింది పుంజు. తప్పెవరిదో మీరే చెప్పండి.

ఎండాకాలం మధ్యాహ్నాలు బట్టీ నీడలో తోచేది కాదు. అప్పుడు తోకరాయుడు ఓ ఆట కనిపెట్టాడు. బూడిద నేల మీద గళ్ళు గీసి, నాలుగు మూలలా ఇటుకముక్కలతో నాలుగు కోటలు కట్టాడు. అరగదీసిన చింతపిక్కలే పాచికలు. కోటల్లో ఉండేవాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళ కాయలు నున్నటి గులకరాళ్ళు. మధ్యలో ఉన్న నల్లటి గళ్ళల్లో ముళ్ళమూక అనే చెడ్డజాతి ఉంటుంది. వాళ్ళ కాయలు పల్లేరుకాయలు. రాయీ రాయీ ఎదురుపడితే పిక్కలు వేసి తేల్చుకోవాలి. పల్లేరుకాయ ఎదురుపడితే మాత్రం పిక్కలు వెయ్యక్కర్లేదు. నేరుగా ఏరెయ్యడమే.

నక్క ఎప్పుడూ పెద్దకోట మంత్రి. ఆట కనిపెట్టినవాడు తనను తాను చెడ్డపక్షంలో పెట్టుకుంటాడా?

నెలన్నర తిరిగేసరికి ఆట బూడిద నేల దాటింది. వాగు అవతలి రాళ్ళగుట్టలో సూదమ్మ అనే ఏదుపంది ఇద్దరు పిల్లలతో ఉండేది. ఒంటి నిండా ముళ్ళు, నల్లటి మొహం, పొద్దుగూకాక తిరుగుడు. ఇంకేం కావాలి?

"ముళ్ళమూకంటే ఏందనుకున్నారు? అదే!" అన్నాడు తోకరాయుడు. "పొద్దుగూకితే మన చెలమ దగ్గరికి దిగుద్ది. ఇయ్యాల నీళ్ళు తాగుద్ది, రేపు మన పెట్టల గొంతు కొరుకుద్ది. ఇయ్యాల్టి నించే చెలమ కాడ కాపలా పెట్టి దాన్ని తోలెయ్యాల."

చెలమంటే ఎండిన వాగు ఇసుకలో తవ్విన నీటిగుంట. ఆ వేసవికి బట్టీ ప్రాణాలన్నీ ఆ ఒక్క గుంట మీదే నిలిచాయి.

ఆ చెలమ ఎవరు తవ్వారో మోతక్క ఒక్కదానికే తెలుసు.

నెల కిందట పాత చెలమ ఎండిపోయింది. మూడో రోజు తెల్లవారుజామున మోతక్క నాలుక పిడచగట్టి, ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడింది. ఇక లేవననే అనుకుంది. అంతలో ఎగువ నుంచి తడి వాసన వచ్చింది. ఈడ్చుకుంటూ పోయి చూస్తే, నడుముల్లోతు కొత్త గుంట, అంచున సూదమ్మ, ఆమె వెనక పిల్లలు. గోళ్ళ నిండా తడి ఇసుక. సూదమ్మ ముళ్ళు ఒక్కసారి గలగలమని లేపింది. మోతక్క వంక చూసింది. తర్వాత ముళ్ళు దించి, పక్కకి జరిగింది. మోతక్క కడుపారా తాగింది. తాగి, మాటైనా మాట్లాడకుండా వచ్చేసింది.

బట్టీకొచ్చి "కొత్త చెలమ దొరికింది" అని మాత్రం చెప్పింది. "మన కోటల పుణ్యం!" అన్నాడు నక్క. ఎవరు తవ్వారని పుంజు అడిగితే మోతక్క నీళ్ళు నమిలింది. ముళ్ళున్నదాని నీళ్ళు తాగానంటే తననూ ముళ్ళమూక గాటనే కడతారని భయం. ఆ భయం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే రోత.

ఇప్పుడు ఆ తల్లినే ఆ చెలమకు రాకుండా తోలేస్తారట. గుట్టలో చుక్క నీళ్ళు లేవు. రెండు రోజులు ఆపితే పసికూనలు బతకరు.

మర్నాడు ఆట మొదలవుతుండగా మోతక్క అంది: "పల్లేరుకాయలు ఇయ్యాల నాకియ్యండి."

అందరూ తెల్లబోయారు. ఓడినవాడికి శిక్షగా ఇచ్చే కాయల్ని కోరి అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"గాడిదకేం తెలుసు గంధపు వాసనన్నట్టు, నీకెందుకక్కా ఆ పక్షం?" అన్నాడు గడ్డపయ్య.

"గంధం సంగతి తర్వాత బాబాయ్. ముందు ఒక్కటి చెప్పు నక్కబావా. నా వాళ్ళు మీ కోటల మీదికి ఎందుకొస్తారు?"

"చెడ్డోళ్ళు గనక."

"చెడ్డోళ్ళెందుకయ్యారు?"

"కోటల మీదికి వస్తారు గనక!"

గడ్డపయ్య గడ్డం ఊపాడు. అతనికి ఆ లెక్క భేషుగ్గా కుదిరినట్టే అనిపించింది.

మోతక్క తలవంచి గళ్ళన్నీ మెల్లగా చూసింది. "మీ నాలుగు కోటలకీ నాలుగు నీళ్ళగళ్ళు గీశావు. నా వైపు ఒక్కటీ లేదేంది?"

తోకరాయుడు తోక విదిలించాడు. "వాళ్ళకు నీళ్ళెందుకక్కా? వాళ్ళు ఆటలో చెడ్డోళ్ళు."

"చెడ్డోళ్ళకు దాహమెయ్యదా?" మోతక్క ఒక పల్లేరుకాయను మూతితో ముందుకు నెట్టింది. "ఇదిగో, మీ గడపలో నిలబడ్డా. కొట్టను, దోచను. ఒక్క గుక్క నీళ్ళు పొయ్యండి, పోతా."

"కుదరదు. ముళ్ళమూక అడగదు, లాక్కుపోద్ది."

"ఇప్పుడడిగింది కదయ్యా!"

"అడిగిందంటే అది మోసం. ఏరెయ్ మామా!"

నిప్పుకూత ముక్కుతో కాయను ఏరేశాడు. ఏరాక మాత్రం, ఎందుకో, దాన్ని బయట పడెయ్యకుండా కాసేపు ముక్కుతోనే పట్టుకున్నాడు.

ఇక మోతక్క ఆగలేకపోయింది. చెలమ సంగతంతా చెప్పేసింది. "ఆ పొద్దు ఆమె పక్కకి జరక్కపోతే నేను లేను. మీరూ లేరు. నెల్నాళ్ళ నుంచి మనం తాగేది ఆమె చేతి నీళ్ళు."

"అవునేమో గానీ," గొణిగాడు గడ్డపయ్య, "నేను కనిపెట్టుకున్న చిలగడదుంపల్ని తవ్వుకుపోయింది కూడా ఆమే! చెలమ తవ్వింది మన మీద ప్రేమతోనా? తన దాహానికి తవ్వుకుంది."

"ఆమె దేవతని నేనన్నానా? ఆకలేస్తే దుంప తవ్వింది, దాహమేస్తే ఇసక తవ్వింది. నువ్వూ నేనూ చేసేదేంది మరి?"

తోకరాయుడు చప్పున అందుకున్నాడు: "చూశారా! పల్లేరుకాయలు పట్టుకోంగానే అక్క అటు తిరిగింది. అందుకే జాగర్తంటున్నా. ఇయ్యాల కూడా పొద్దుగూకే ఏళకి అందరూ చెలమ కాడ కాపలా ఉండాల. పెట్టలు గూట్లో హాయిగా పడుకుంటయ్యి. అక్కా, నువ్వు రేగుకంప మోపు మోసుకుపోయి ఏదుపంది వచ్చే దారిలో పరిచెయ్."

"మరి నువ్వెక్కడుంటావు బావా?" అడిగింది మోతక్క.

"నేను... అంతటా ఉంటా."

నిన్న సాయంత్రమూ కాపలా చోట్లు పంచింది నక్కే, తన చోటు చెప్పనిదీ నక్కే. గూటి వెనక గోడకు పడ్డ కంతలోంచి తోకకొస ఒకటి మాయమవడం నిన్న ఆమె కళ్ళారా చూసింది. ఇవాళ పొద్దున పెట్టలు గుడ్లు కనపడక ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి.

ఆమె వీపు మీద కంప కట్టారు. ముళ్ళు గుచ్చుకుంటున్నా నింపాదిగా నడిచింది. గాడిద మీద ఎంత బరువెయ్యాలో అందరూ చూస్తారు, అది ఎక్కడ దించిందో ఎవరూ చూడరు. ఇరవై ఏళ్ళ కూలిలో మోతక్క నేర్చుకున్న విద్య అదొక్కటే. ఆ రోజు కంప వాగు దారికి పోలేదు.

పొద్దు వాలింది. చెలమకు ఇటువైపు గడ్డపయ్య కొమ్ములు దించి నిలబడ్డాడు, నిప్పుకూత జుట్టు నిక్కబొడుచుకున్నాడు. అవతలి ఒడ్డున సూదమ్మ కనబడింది. పిల్లలు రెండూ ఆమె కడుపుకు అతుక్కుని ఉన్నాయి. చిన్నది నడవలేక నడుస్తోంది.

మోతక్క వెళ్ళి సరిగ్గా వాళ్ళకీ వీళ్ళకీ మధ్య నిలబడింది.

"జరుగక్కా! పొడిచేస్తా!" అరిచాడు గడ్డపయ్య.

"పొడువు. ముందు నన్ను పొడువు."

అదే క్షణంలో బట్టీ వైపు నుంచి పెట్టల గోల, ఆ వెంటనే ఓ నక్క ఊళ వినబడ్డాయి. అందరూ అటు పరుగెత్తారు.

గూటి వెనక, గోడ కంతను మూసేలా కుక్కిన రేగుకంపలో తోకరాయుడు తన్నుకుంటున్నాడు. ముందు వాకిట్లోంచి దూరి, పెట్టల గోలకు వెనక కంతలోంచి దూకబోయి నిలువునా ఇరుక్కున్నాడు. లాక్కుని బయటపడేసరికి ముక్కు నుంచి తోక దాకా ముళ్ళే ముళ్ళు.

"ముళ్ళమూక!" కూశాడు నిప్పుకూత. "పిక్కలెయ్యక్కర్లా! ఏరెయ్యడమే!"

"ఆగు మామా, నేను నీ మంత్రిని! ఒక్క మాట అడగండయ్యా! అడక్కుండానే చంపేస్తారా?"

గడ్డపయ్య కొమ్ములు అప్పటికే దిగాయి. మోతక్క అడ్డం వచ్చింది. "ముళ్ళు చూసి కొట్టొద్దు. అడుగుదాం. అడగడమంటూ అందరికీ ఉండాల. చెప్పు బావా, గూట్లో నీకేం పని?"

తోకరాయుడు నోరు తెరిచాడు. మీసాల మీద నుంచి పచ్చసొన చుక్క ఒకటి జారి నేల మీద పడింది.

"నేను... నేను ఒట్టేసింది మాంసం మీదయ్యా, గుడ్ల మీద కాదుగా!"

అడగాల్సిందేమీ మిగల్లేదు. "ఛీ! నక్కజాతే ఇంత. పుట్టుకతోనే దొంగలు!" అన్నాడు నిప్పుకూత.

"ఆ మాటే వద్దు మామా," అంది మోతక్క. "మళ్ళీ మొదటికి వచ్చావు. గుడ్లు తిన్నది నక్కజాతి కాదు, ఈ తోకరాయుడు. శిక్ష ఇతనికి వెయ్యి."

ఆ మాట గూటి గోడ దగ్గరే వదిలేసి ఆమె వాగులోకి తిరిగొచ్చింది. సూదమ్మ పిల్లలు చెలమలో మూతులు పెట్టి చప్పరిస్తున్నాయి.

"ఆ పొద్దు నీ నీళ్ళు తాగి దండమైనా పెట్టకుండా వచ్చా తల్లీ," అంది మోతక్క. "నెల్నాళ్ళు నోరు కుట్టుకున్నా. ఇప్పుడు పెడుతున్నా, తీసుకో. నా ప్రాణం నువ్వు పెట్టిందే."

సూదమ్మకు ఇబ్బందిగా అనిపించింది. "నీకోసం నేనేం తవ్వలేదక్కా. నా పిల్లల కోసం తవ్వుకున్నా. నువ్వు తాగుతుంటే ఊరుకున్నా, అంతే."

"ఊరుకున్నావు చూడు, అదే. ముళ్ళున్నోళ్ళు ఊరుకోవడం చిన్న సాయమా?"

వాళ్ళ వెనక గడ్డపయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మీ... నీళ్ళకి నీకూ దండమే. దుంపల సంగతి మాత్రం మర్చిపోలేదు. ఈసారి సగం నాకుంచు." సూదమ్మ ముళ్ళు గలగలలాడాయి. నవ్విందని కాసేపటికి గానీ అతనికి అర్థం కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆటకు సూదమ్మ పిల్లలూ వచ్చి కూర్చున్నాయి. ముళ్ళగాట్లు పడ్డ మూతితో తోకరాయుడూ వచ్చాడు. తగవులో తేలిన శిక్ష ఇదీ: గూటి చాయలకు పోకూడదు, వాన పడేదాకా ఆటలో పల్లేరుకాయలు అతనివే.

అతను కాయలు సర్దుకున్నాడు. నాలుగు కోటల వంక చూశాడు, తన నల్లటి గళ్ళ వంక చూశాడు. తను గీసిన గీతలే, ఈ వైపు కూర్చుని చూడటం ఇదే మొదలు. పిక్కలు తీసుకుని, వెయ్యకుండానే కింద పెట్టాడు.

"ఏం బావా, ఆడవేం?" అన్నాడు గడ్డపయ్య.

తోకరాయుడు మెల్లగా అడిగాడు: "మరి... మాకు నీళ్ళెక్కడ?"

మోతక్క లేచి, ముందరికాలి గిట్టతో ఆట మధ్యలో, అన్ని పక్షాలకూ అందేలా ఒక గుండ్రటి గుంట గీసింది.

పక్షం పుట్టుకతో రావచ్చు గానీ చెడ్డతనం రాదు. అది ఎవరికి వారు చేతులారా తెచ్చుకోవాల్సిందే.