పేరు చెప్పని పసరు

కామెర్ల పసరు తానే కనిపెట్టానని, ఇంకెవరూ పోయకూడదని రాజవైద్యుడు శంభుభట్టు మొన్ననే రాగిరేకు మీద శాసనం రాయించుకున్నాడు. ఊరందరికీ ఉచితంగా పసరు పోసే గురవమ్మను భటులు సభకు లాక్కొచ్చారు.

"నా మందే దొంగిలించింది, ప్రభూ," అన్నాడు భట్టు రాజుతో.

ఇంటి దగ్గర ఒళ్లంతా పచ్చబడిన పసిబిడ్డతో ఓ తల్లి కాచుకుని ఉంది. గురవమ్మ ప్రాణమంతా అక్కడే ఉంది.

"తమరి ఆకు పేరు చెప్పండి, దాని జోలికి పోను," అంది భట్టుతో.

"పేరు చెబితే పసరు పనిచెయ్యదు."

"అందుకే నేనూ కన్నకూతురికైనా చెప్పలేదు. మరి రెండూ ఒకటే ఆకని తమకెలా తెలిసింది?"

"పోయినేడు నువ్వు నూరుతుంటే దడి సందులోంచి చూశాగా," అనేసి భట్టు నాలుక కరుచుకున్నాడు.

రాజు ఆమెను పల్లకిలో ఇంటికి పంపాడు. ఆ రాగిరేకు ఇప్పుడు గురవమ్మ పసరుకుండ మీద మూత.