నూనె తాగిన బ్రేకు షూ

చెన్నకేశవులుకు అన్నం సహించడం లేదు. తప్పు చేశానని తెలిసినవాడికి ముద్ద దిగకపోతే అదొక దారి. నీ తప్పేం లేదని ఊరంతా అంటుంటే, తనూ అదే మాట పదేపదే చెప్పుకుంటుంటే, అయినా గొంతు పూడుకుపోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం, పాత గోనెసంచిలో కొన్ని ఇనప ముక్కలు వేసుకుని గురువు దగ్గరికి బయల్దేరాడు.

గురువంటే కాషాయం కట్టినాయన కాదు. మౌలాలి ఉస్తాద్. నరసరావుపేటలో పాత కార్ల పని తెలిసినవాళ్ళంతా ఒకప్పుడు ఆయనకు పానాలు అందించి పైకొచ్చినవాళ్ళే. ఇప్పుడాయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి, మోకాళ్ళు లేవనివ్వడం లేదు. షెడ్డు ఎత్తేసి ఇంటి వసారాలో కూర్చుని నమాజు చేసుకుంటూ, చూడవచ్చిన శిష్యుల చేత టీ పెట్టించుకుని తాగుతుంటాడు. మాట్లాడటమంటే ఆయనకు మొదట్నుంచీ బద్ధకమే. శిష్యుడు పని చెడగొడితే పల్లెత్తు మాట అనేవాడు కాదు. చేతిలోంచి పానా తీసుకుని తనే చేసేవాడు. దానికంటే నాలుగు తన్నినా బాగుండేదని శిష్యులు లోపల్లోపల ఏడ్చుకునేవాళ్ళు.

ఆయనకొక ఆచారం ఉండేది. చక్రం లోపల డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపేది బ్రేకు షూ. వంపు తిరిగిన ఇనప రెక్క, దాని వీపున అంటించిన మందపాటి పట్టీ. ఆ పట్టీ నూనె తాగిందంటే, ఎవరి బండైనా సరే, ఉస్తాద్ ముందు దాన్ని రాతిమీద పెట్టి సుత్తితో పొడిపొడి చేసేవాడు. ఆ తర్వాతే మిగతా పని. "అయ్యయ్యో, కడిగితే పనికొచ్చేది గదయ్యా!" అని బండిగలాయన లబోదిబోమన్నా వినేవాడు కాదు.

"ఎందుకు ఉస్తాద్?" అని కేశవులు పని నేర్చుకునే రోజుల్లో అడిగాడు.

"పగలగొట్టు," అన్నాడు ఉస్తాద్.

ముసలాయన చాదస్తం అనుకున్నాడు కేశవులు. అనుకున్నా, ఎదుటివాళ్ళ బండ్లకు ఆ ఆచారం తప్పలేదు. సొంత బండి దగ్గరికి వచ్చేసరికి తప్పాడు. మనకందరికీ ఉన్న జబ్బే అది.

ఆ సొంత బండి నల్లది. గుండ్రటి దీపాలది. వయసులో కేశవులుకంటే పెద్దది. పొగాకు గోడౌన్‌లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న దాన్ని ఇంటికి తోలుకొచ్చి, తుప్పు గీకి, ప్రాణం పోశాడు. పెళ్ళికొడుకులు దాంట్లో ఊరేగాలని ముచ్చటపడేవాళ్ళు. తోలేది ఏడుకొండలు, కేశవులు బావమరిది. కుదురైన పిల్లాడే గానీ, నడక కూడా పరుగులా ఉంటుంది కాబట్టి అందరూ దూకుడుమనిషి అనేవాళ్ళు.

ఒకరోజు వెనకచక్రాల లోపల తడి కనపడింది. వెనక ఇరుసు గొట్టంలో గేరునూనె ఉంటుంది. అది చక్రంలోకి రాకుండా గడపలాగా అడ్డుండేది సీలు. ఆ సీళ్ళు ముసలివై నూనెను వదిలేస్తున్నాయి. కేశవులు ఇంటిముందు రేకుల పందిరి కింద బండిని దిమ్మెల మీదికెత్తాడు. చక్రాలూడదీసి, డ్రమ్ములు లాగి, ఇరుసులు బయటికి తీశాడు. పాత సీళ్ళు ఎండుతోలులా బిర్రబిగిసి ఉన్నాయి. కొత్తవాటికి నూనె రాసి, చెక్కముక్క ఆనించి, చుట్టూ తిప్పుతూ సమంగా కొట్టి కూర్చోబెట్టాడు. వీధిలోవాళ్ళు నిలబడి చూశారు. ఆ పని చూడదగ్గట్టే చేశాడు, అందులో వంక పెట్టడానికి లేదు.

షూలు మాత్రం అప్పటికే నూనె తాగి ఉన్నాయి. ఆ కాలం బండికి కొత్త పట్టీలు పేటలో దొరకవు, మద్రాసు నుంచి రావాలి. తెల్లారితే కొండమీద గుళ్ళో పెళ్ళి.

"బావా, ఇయ్యి కూడా మార్చినాకే బండి తీద్దాం. పెళ్ళోళ్ళకు ఇంకో బండి చెబుదాంలే," అన్నాడు ఏడుకొండలు.

"నువ్వు స్టీరింగు సంగతి చూసుకోరా. అడుగున సంగతి నాకొదిలెయ్," అన్నాడు కేశవులు. చూసేవాళ్ళు నవ్వారు.

షూలను పెట్రోల్లో నానేసి, తీసి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. మంట ఆరాక గరుకు కాగితంతో రుద్ది ఎండలో పెట్టాడు. సాయంత్రానికి అవి కొత్త పెళ్ళికొడుకుల్లా తేలాయి. వాటినే మళ్ళీ బిగించాడు.

పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళివారిని దించి ఖాళీ బండితో కొండ దిగి వస్తుంటే, అడుగున చివరి మలుపు దగ్గర బండి ఆగలేదు. అక్కడ కొబ్బరికాయలమ్ముకునే గురవమ్మ అనే ముసలావిడ గంప ముందు కూర్చుని ఉంది. లేచే వ్యవధి కూడా ఆమెకు దొరకలేదు.

స్టీరింగు గుద్దుకుని ఏడుకొండలు పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రి మంచం మీద మొదటి మాట అతను బావతోనే చెప్పాడు. "పెడల్ గట్టిగానే ఉంది బావా. బండి ఆగలా. చేతిబ్రేకు కూడా లాగాను. అదీ పట్టలా."

చేతిబ్రేకు వెనకచక్రాలను మాత్రమే పట్టుకుంటుందని ఆ గదిలో తెలిసినవాడు కేశవులు ఒక్కడే. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

తర్వాత బండిని పరీక్షించే అధికారి వచ్చాడు. స్టేషను ఆవరణలో, చల్లబడిన బండిని నడిపి బ్రేకు తొక్కాడు. టక్కున ఆగింది. చేతిబ్రేకు లాగి వెనకనుంచి నెట్టించాడు. కదల్లేదు. బండిలో లోపం లేదన్నాడు. ఆయన చూసిందే ఆయన చెప్పాడు.

దాంతో తప్పు ఏడుకొండలు నెత్తిన పడింది. సొంత అక్క, కేశవులు భార్య సామ్రాజ్యం కూడా "నీ దూకుడే నీ కొంప ముంచిందిరా" అని తలబాదుకుంది. ఏడుకొండలు మొదట్లో కాదన్నాడు. పోనుపోను కాదనడం మానేశాడు. బెయిలు మీద ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి కూర్చుని ఒకటే మాట. "లాగాననుకున్నానేమోలే బావా. లాగలేదేమో. ఆ ముసల్దాన్ని నేనే చంపానేమో."

ఆ మాట విన్న రాత్రినుంచే కేశవులుకు అన్నం సహించడం మానేసింది.

ఉస్తాద్ వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కేశవులు సంచి విప్పి సీళ్ళను, షూలను ఆయన ముందు పరిచాడు. అడగకుండానే మొదలుపెట్టాడు.

"స్టేషనువాళ్ళు బండి ఇచ్చేశారు. నిన్న విప్పి చూశాను ఉస్తాద్. సీలు దగ్గర చుక్క కారలా. మీరు చెప్పినట్టే కూర్చోబెట్టాను. అధికారి కూడా బ్రేకులు బాగున్నాయన్నాడు. నా పనిలో లోపముంటే మీరే చెప్పండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న సంగతి ఉస్తాద్ గమనించాడో లేదో తెలియదు. ఆయన సీలు తీసుకుని అంచు వెంట బొటనవేలు తిప్పాడు.

"బాగా కొట్టావు," అన్నాడు.

కేశవులుకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట కోసమే గదా వచ్చింది. ఇంక లేచి పోవచ్చు. కానీ ఉస్తాద్ చెయ్యి అప్పటికే షూ మీద ఉంది. పట్టీని అరచేత్తో నిమిరాడు. వాసన చూశాడు.

"పొడిగానే ఉంది చూడండి," అన్నాడు కేశవులు.

"ఊఁ. స్టవ్వెలిగించు."

టీకనుకుని కేశవులు మంచం ముందున్న కిరసనాయిలు స్టవ్వు వెలిగించి గిన్నె పెట్టబోయాడు. ఉస్తాద్ వద్దని చెయ్యి ఊపి, మంచం పక్క గోడకున్న రొట్టెల పెనం తీసి స్టవ్వు మీద పెట్టాడు. దానిమీద షూని, పట్టీ పైకి వచ్చేటట్టు, బోర్లా పడుకోబెట్టాడు.

"ఏం చేస్తన్నారు ఉస్తాద్?"

"కొండ దిగుతున్నాను."

కొండ దిగేటప్పుడు తొక్కీ తొక్కీ బ్రేకులు పెనంలాగే కాలతాయని కేశవులుకు తెలుసు. మంట సన్నగా మండుతోంది. వీధిలో ఎవరో పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ పోయారు.

"పిల్లోడు ఎట్టా ఉన్నాడు?" అని అడిగాడు ఉస్తాద్.

"తినట్లా. నిద్రపోవట్లా. సోమవారం వాయిదా ఉంది. కోర్టులో ఒప్పుకుంటానంటన్నాడు."

"ఏమని?"

"బ్రేకు ఆలస్యంగా తొక్కానని."

"ఆలస్యంగా తొక్కాడా?"

కేశవులు టీ గిన్నె పక్కన పెట్టాడు. ఉస్తాద్ మళ్ళీ అడగలేదు. స్టవ్వు మర కొంచెం తిప్పి మంట పెంచాడు.

ముందు వాసన వచ్చింది. గేరునూనె వాసన ఒకసారి ముక్కుకెక్కితే ఏ మెకానిక్కూ దాన్ని మరొకటనుకోడు. కుళ్ళిన గుడ్డు వాసన. కేశవులు తల తిప్పుకున్నాడు.

"నాకు కళ్ళు లేవు గదరా. ఏం కనపడతందో నువ్వు చెప్పు," అన్నాడు ఉస్తాద్.

కేశవులు చూశాడు. పొడిగా, బూడిదరంగులో ఉన్న పట్టీ మీద ఇక్కడొకటి అక్కడొకటి నల్లటి చుక్కలు లేస్తున్నాయి. లేచి, ఒకదాన్నొకటి కలుపుకుని, పట్టీ పొడుగునా నిగనిగలాడే పొర కట్టాయి. పెట్రోలు కడగలేదు. నిప్పు కాల్చలేదు. ఎండ ఆరబెట్టలేదు. అన్ని రోజులూ లోపలే దాక్కుని, వేడి తగిలేదాకా ఆగింది.

"చెప్పు."

"చెమట పడతంది ఉస్తాద్."

"చెమటా?"

కేశవులు పెనం మీదికి వంగాడు. "నూనె," అన్నాడు. "నూనె ఉస్తాద్. కడిగాను, కాల్చాను, మళ్ళీ అయ్యే వేశాను. మార్చమని వాడు చెప్పాడు. నేను వినలా."

ఉస్తాద్ స్టవ్వు ఆర్పేశాడు.

కేశవులు ఏడ్చాడు. నలభై దాటిన మనిషి, తలపాగా గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. గురవమ్మ కోసమా, బావమరిది కోసమా, తన కోసమా అంటే అతనూ చెప్పలేడు. ఉస్తాద్ ఊరుకోమనలేదు. గోడకు ఆనుకుని అట్లాగే కూర్చున్నాడు.

ఏడుపు తగ్గాక కేశవులు కళ్ళు తుడుచుకుని చుట్టూ చూశాడు. వసారా మూలన పాత సుత్తి ఉంది, ఆ షెడ్డులో ఉన్న సుత్తే. చిన్నప్పుడు దాని పిడి తన అరచేతిలో కాయలు కాయించింది. లేచి దాన్ని అందుకున్నాడు. షూని గుడ్డతో పట్టుకుని మంచం పక్కనున్న గడప రాతిమీద పెట్టాడు. ఉస్తాద్ నేర్పిన పని అదే గదా. ఇన్నేళ్ళ ఆచారానికి చెయ్యి తనంతట తానే పైకి లేచింది. ఇదీ మిగతావీ పొడైపోతే తన తప్పుకు సాక్ష్యం ఇంకెక్కడా మిగలదనే సంగతి కూడా ఆ చేతికి తెలుసు.

సుత్తి దిగేలోగా ఉస్తాద్ మంచం మీదినుంచి వంగి తన అరచెయ్యి షూ మీద పెట్టాడు.

"ఉస్తాద్! కాలుద్ది! తియ్యండి!"

ఆయన తియ్యలేదు. సెగకు మొహం ముడతలు పడింది గానీ చెయ్యి కదల్లేదు. కేశవులు సుత్తి కింద పడేసి ఆయన మణికట్టు పట్టుకుని లాగాడు. అరచెయ్యి ఎర్రగా కంది, మధ్యలో నల్లటి మరక ఉంది.

"నూనె తాగినదాన్ని పగలగొట్టమని మీరే గదా..." అన్నాడు.

"మిగతావన్నీ పగలగొట్టు," అన్నాడు ఉస్తాద్. "ఇది మాత్రం ఆ పిల్లోడి చేతిలో పెట్టు."

కాలిన చేతికి కేశవులు మందు రాయబోయాడు. ఉస్తాద్ వద్దన్నాడు. పొద్దు చూసుకుని, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు నీళ్ళు తెమ్మన్నాడు. కేశవులు చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ కాలిన చెయ్యి మీద తనే పోశాడు.

ఇంటికి నడిచే వెళ్ళాడు. షూ తలపాగా గుడ్డలో చుట్టి పొట్టకు ఆనించుకున్నాడు. దారిలో ఎవరో పలకరించారు, వినిపించుకోలేదు. గుడ్డలోంచి నూనె ఊరి చొక్కాకు అంటింది. ఇంటి ముందు రేకుల పందిరి కింద నల్ల కారు సొట్టపడ్డ ముఖంతో దిమ్మెల మీద నిలబడి ఉంది. దాన్ని దాటి లోపలికి పోయాడు.

ఏడుకొండలు ఎప్పట్లాగే గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. సామ్రాజ్యం పక్కన కంచం పెట్టుకుని బతిమాలుతోంది. భర్త చొక్కా చూసి "అదేందయ్యా ఆ మరక?" అంది.

కేశవులు ఆమెను దాటి వచ్చాడు. బావమరిది ఎదురుగా నేలమీద కూర్చుని, గుడ్డ విప్పి, ఇంకా గోరువెచ్చగా ఉన్న షూని అతని రెండు చేతుల్లో పెట్టాడు. ఏడుకొండలు దాన్ని చూశాడు. వేళ్ళకు అంటిన తడిని చూశాడు. ఏమిటిదన్నట్టు తలెత్తి బావ మొహంలోకి చూశాడు.

"లాగావురా," అన్నాడు కేశవులు. "చేతిబ్రేకు నువ్వు లాగావు."